అట్టముక్క, గ్రేడు, విలువ

మా అమ్మాయి వాళ్లు న్యూజెర్సీలో వుంటారు. రెండేళ్ల కిందట వాళ్లింటికి వెళ్లినప్పుడు పన్నెండేళ్ల మా మనవడు ఒక ప్లాస్టిక్ పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. అరచేతిలో ఇమిడే పెట్టె. దాన్లో పాత అట్టముక్క ఒకటి. అట్టముక్క మీద టోపీ పెట్టుకున్న ఆటగాడి బొమ్మ. 1956లో బబుల్‌గమ్ పాకెట్‌తో పాటు అమెరికా పిల్లలకు వచ్చిన బేస్‌బాల్ కార్డు అది. మూత ఎటు వుందా అని తిప్పి చూస్తుంటే వాడు కంగారు పడ్డాడు.

"తియ్యకూడదు తాతయ్యా! పెట్టె పగిలితే గ్రేడు పోతుంది."

పెట్టె నెత్తిన ఎర్రంచు చీటీ, దాని మీద 6 అనే అంకె. కార్డు వాడిదే గాని, దాని మంచిచెడ్డలు చెప్పేది ఆ చీటీ.

నేను ఒంగోలు ప్రాంతపు పొగాకు రైతు కొడుకుని. గ్రేడు అనే మాట బడిలో చేరకముందే నా చెవిన పడింది. అందుకే ఆ అంకెను అంత తేలిగ్గా వదిలిపెట్టలేకపోయాను. అక్కడున్న మూడు నెలలూ ఈ కార్డుల గురించి దొరికిందల్లా చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. పిల్లలాట మీద ఇంత ఆలోచన ఎందుకని కొందరు మిత్రులు నవ్వవచ్చు. కానీ ఒక వస్తువు విలువను ఎవరు నిర్ణయిస్తారు, ఏ హక్కుతో నిర్ణయిస్తారు అనే ప్రశ్న పిల్లలాటకు సంబంధించింది కాదు.

ముందు ఈ అట్టముక్క పుట్టుక చూద్దాం. బేస్‌బాల్ క్రికెట్‌కు దూరపు చుట్టం లాంటి ఆట. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో సిగరెట్ కంపెనీలు మెత్తటి పాకెట్ నలిగిపోకుండా లోపల గట్టి అట్టముక్క పెట్టేవి. ఆ అట్ట మీద బొమ్మ వేస్తే అది ప్రకటన కూడా అవుతుందని కనిపెట్టాయి. బొమ్మలన్నీ కూడబెట్టాలంటే సిగరెట్లు కొంటూనే వుండాలి గదా! 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన 500 పైచిలుకు కార్డుల వరసను సేకర్తలు టి-206 అంటారు. ఇప్పుడు ప్రపంచంలో అందరికీ తెలిసిన పాత కార్డు అందులోదే. పిట్స్‌బర్గ్ జట్టు ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ వున్న కార్డు.

ఈ అమెరికన్ టొబాకో కంపెనీ మనకు పూర్తిగా పరాయిది కాదు. అది జేమ్స్ డ్యూక్ కట్టిన గుత్త సంస్థ. 1902లో అది ఇంగ్లండులోని ఇంపీరియల్ టొబాకోతో చేతులు కలిపి బ్రిటిష్ అమెరికన్ టొబాకోను పుట్టించింది. ఆ కుదురు నుంచే 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా, 1912లో గుంటూరు సీమలో ఐ.ఎల్.టి.డి. వచ్చాయి. డ్యూక్ గుత్త సంస్థను ముక్కలు చెయ్యాలని అమెరికా సుప్రీంకోర్టు 1911లో తీర్పు చెప్పింది. టి-206 కార్డులూ ఆ యేడే ఆగిపోయాయి. అక్కడ చెట్టు కొట్టేసే నాటికే ఇక్కడ కొమ్మ అంటుకట్టడం అయిపోయింది. మా నాన్న తలం మీద ఆ కొమ్మ నీడే పడింది.

వాగ్నర్ పన్నెండేళ్లకే బడి మాని తండ్రితోనూ అన్నలతోనూ బొగ్గుగనిలో పనికి దిగినవాడు. తన బొమ్మ సిగరెట్ పాకెట్లలో వెయ్యడానికి ఆయన ఒప్పుకోలేదు. పిల్లలు తన బొమ్మ కోసం పొగాకు కొనడం ఇష్టం లేక అని కొందరు, తనకు డబ్బు ఇవ్వనందుకని కొందరు అంటారు. కారణం ఏదైనా ఆయన కార్డు అచ్చు మధ్యలో ఆగింది. ఇవాళ సుమారు 60 మాత్రమే మిగిలాయని లెక్క. వాటిలో ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడయింది. తన బొమ్మతో వ్యాపారం వద్దన్న మనిషి బొమ్మే వ్యాపారంలో తలమానికమయింది!

"అరుదైనది కనక ధర పలికింది, అందులో వింతేముంది?" అని పాఠకులు అనవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. అయితే రెండో వుదాహరణ చూడండి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కార్డులు సిగరెట్‌ను వదిలి బబుల్‌గమ్‌ను పట్టుకున్నాయి. బ్రూక్లిన్‌లోని టాప్స్ కంపెనీ 1952లో 407 కార్డుల వరస వేసింది. అందులో 311వ నెంబరు న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు మికీ మాంటిల్. చివరి విడత కార్డులు ఆలస్యంగా బజారుకొచ్చాయి. అప్పటికి ఆటల కాలం దాటిపోయి సరిగా అమ్ముడుపోలేదు. మిగిలిన పెట్టెలు గోడౌన్లో ఏళ్ల తరబడి మూలిగాక 1960లో వాటిని పడవకెత్తించి సముద్రంలో పారబోయించానని కంపెనీ వుద్యోగి సై బెర్గర్ తర్వాత చెప్పుకున్నాడు. సరుకు మిగిలితే నీళ్లపాలు చెయ్యడం ఆ వ్యవస్థకు కొత్తేమీ కాదు.

ఆ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. దాన్ని అమ్మినాయన 1991లో కొన్న ధర 50 వేల డాలర్లు. కానీ ఈ కార్డు వాగ్నర్ అంత అరుదైంది కానే కాదు. అచ్చు పలకలో మాంటిల్ బొమ్మను రెండుసార్లు వేశారు. అంటే అదే విడతలోని చాలామంది అనామక ఆటగాళ్ల కార్డుల కంటే మాంటిల్ కార్డులే ఎక్కువ అచ్చయ్యాయి. పోనీ ఆయన మొదటి కార్డా అంటే అదీ కాదు. 1951లో బౌమన్ అనే వేరే కంపెనీ ఆయన కార్డు వేసింది. మరి ఎందుకీ ధర? ఆటగాడి పేరు, యుద్ధానంతర అమెరికాలో పిల్లలుగా వున్నవాళ్లు పెద్దవాళ్లయి డబ్బు చేసుకుని తమ బాల్యాన్ని తిరిగి కొనుక్కోవాలనుకోవడం, సముద్రంలో పారబోసిన కథ, వీటన్నిటితో పాటు గ్రేడు. ఆ కార్డు గ్రేడు 9.5.

ఇక ఈ గ్రేడు ఎలా ఇస్తారో వివరంగా చూడాలి.

1991 దాకా కార్డు బాగుందో లేదో అమ్మేవాడూ కొనేవాడూ తేల్చుకునేవాళ్లు. అమ్మేవాడికి ప్రతిదీ కొత్తదే, కొనేవాడికి ప్రతిదీ నలిగిందే. ఆ యేడు కాలిఫోర్నియాలో పి.ఎస్.ఎ. అనే కంపెనీ పుట్టి "మేం మధ్యవర్తులం, మేం చెప్తాం" అంది. తర్వాత ఎస్.జి.సి., బెకెట్ లాంటివి వచ్చాయి. సేకర్త కార్డును టపాలో పంపుతాడు, రుసుం కడతాడు. అక్కడ గ్రేడరు భూతద్దం పెట్టి, దీపం కింద ఏటవాలుగా తిప్పి చూస్తాడు. ప్రధానంగా నాలుగు సంగతులు చూస్తాడు.

ఒకటి, బొమ్మ నడిమధ్యన వుందా? చుట్టూ వున్న తెల్ల అంచు ఎడమా కుడీ, పైనా కిందా సమానంగా వుండాలి. అత్యున్నతమైన 10 రావాలంటే ఎదుటివైపు ఆ తేడా సుమారు 55-45 దాటకూడదు. రెండు, మూలలు. నాలుగు మూలలూ సూదుల్లా వుండాలి. మూడు, అంచులు. పెచ్చులూడకూడదు, చిట్లకూడదు. నాలుగు, ఉపరితలం. మడత, గీత, బబుల్‌గమ్ మరక, మైనం మరక, పెన్సిలు రాత వుండకూడదు. ఇవన్నీ కలిపి 1 నుంచి 10 దాకా అంకె వేస్తారు. మడతలు పడి, మూలలు అరిగి, ముక్క వూడినా బొమ్మ ఆనవాలు పట్టగలిగితే 1. చేత్తో తాకారా లేదా అన్నట్టుంటే 9, 10. అంచు కత్తిరించినట్టో, రంగు పూసినట్టో తేలితే అసలు అంకె వెయ్యరు. అంకె వేశాక ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేస్తారు. ఏ కార్డు ఏ గ్రేడులో ఎన్ని వున్నాయో కంపెనీ పట్టిక ప్రకటిస్తుంది. 1952 మాంటిల్ కార్డుల్లో పి.ఎస్.ఎ. 10 ఇచ్చినవి మూడే. 9 వచ్చిన ఒక కార్డు 2021 జనవరిలో 52 లక్షల డాలర్లు పలికింది. బొమ్మ అదే, కాగితం అదే, అచ్చు అదే. కంటికి ఆనని మూల అరుగుదల దగ్గర లక్షలు మారిపోతాయి.

ఈ నాలుగు సంగతుల్నీ నిదానంగా ఆలోచించండి. బొమ్మ నడిమధ్యన వుండడం ఎవరి గొప్ప? ఆ రోజు ప్రెస్సులో పెద్ద షీటును కోసే కత్తి ఎక్కడ పడిందన్నదే దానికి మూలం. పేరు తెలియని కార్మికుడి చేతి కింద జరిగిన యాదృచ్ఛికం అది. మిగిలిన మూడూ ఏమిటి? కార్డును ఎవరూ వాడలేదనడానికి సాక్ష్యాలు. పిల్లలు ఆ కార్డుల్ని గోడకు విసిరి పందెం ఆడారు, రబ్బరుబ్యాండు వేసి జేబులో దోపుకున్నారు, సైకిలు చక్రపు చువ్వలకు తగిలించి టకటకలాడించారు. కార్డు ఎందుకు పుట్టిందో ఆ పని చేసిన ప్రతి కార్డూ గ్రేడులో దిగిపోయింది. ఏ పిల్లాడికీ ఆనందం ఇవ్వకుండా పెట్టెలో పడివున్నది పైకెక్కింది. ఉపయోగపు విలువకు ఎంత దూరంగా వుంటే మారకంలో ధర అంత పెరిగే విచిత్రమైన సరుకు ఇది. శ్రమతో నిమిత్తం లేనివాటికి కూడా ధర వుండవచ్చునని మార్క్స్ 'కాపిటల్' మొదటి సంపుటంలోనే చెప్పాడు. ధర వుంది గదా అని విలువ వున్నట్టు భ్రమపడరాదని చెప్పడానికి ఇంతకంటే తేటైన వుదాహరణ నాకు తట్టడం లేదు.

ఇక్కడొక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. గ్రేడింగు మోసాన్ని అరికట్టింది గదా, దొంగ కార్డుల్నీ రంగు పూసిన కార్డుల్నీ ఏరేసింది గదా అంటారు. నిజమే. ఎక్కడో వేల మైళ్ల దూరంలో కార్డు కొనే సామాన్య సేకర్తకు అది కొంత రక్షణ. దాన్ని నేను కాదనను. కానీ కాపలావాడి సంగతి ఎవరు చూస్తారు?

పి.ఎస్.ఎ. మొట్టమొదట గ్రేడు ఇచ్చిన కార్డు ఒక వాగ్నర్ కార్డు. అంతకుముందు 1991లోనే దాన్ని హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి వేలంలో 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్నారు. పి.ఎస్.ఎ. దానికి 8 ఇచ్చింది. ఎనభయ్యేళ్ల నాటి సిగరెట్ కార్డుకు 8 రావడం అబ్బురం. ఆ అంకె వల్ల కార్డుకూ, ఆ కార్డు వల్ల కొత్త కంపెనీకీ పేరొచ్చింది. 2007లో అదే కార్డు 28 లక్షల డాలర్లకు చేతులు మారింది. మూలలు అంత పదునుగా ఎలా వున్నాయని గొణుక్కునేవాళ్లు గొణుక్కుంటూనే వున్నారు. 1985లో ఆ కార్డును 25 వేల డాలర్లకు కొన్న వ్యాపారి బిల్ మాస్ట్రో, తన వేలాల్లో దొంగపాటలు పాడించిన కేసులో 2013లో షికాగో ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకుంటూ ఇదీ ఒప్పుకున్నాడు: ఆ కార్డు అంచులు తానే కత్తిరించాడు. 2015లో ఆయనకు 20 నెలల శిక్ష పడింది. కత్తిరించిన కార్డుకు అంకె వెయ్యరాదని చెప్పే సంస్థ వేసిన తొలి అంకె కత్తిరించిన కార్డు మీదే పడిందన్నమాట!

అది ఒకనాటి పొరపాటు అని సర్దుకుందామనుకున్నా, రెండు సంగతులు అడ్డొస్తాయి. ఒకటి, గ్రేడు మనిషి కన్ను వేసే అంచనా. పెట్టె పగలగొట్టి అదే కార్డును మళ్లీ పంపితే వేరే అంకె రావడం సేకర్తలందరికీ తెలిసిందే. దాని మీదే బతికే వ్యాపారులున్నారు. రెండు, పి.ఎస్.ఎ. రుసుం కార్డు ధరను బట్టి పెరుగుతుంది. కార్డుకు మంచి గ్రేడొచ్చి ధర పెరిగితే అదనపు రుసుం అడుగుతారు. తూకం వేసేవాడి కూలి తూకంతో పాటు పెరుగుతుంటే ఆ తక్కెడను ఎంత నమ్మాలి? కావాలని మోసం చేస్తున్నారని నేననడం లేదు. మోసం అక్కరలేని ఏర్పాటు అది. పైగా 2024లో పి.ఎస్.ఎ. మాతృసంస్థ ఎస్.జి.సి.ని కొనేసింది. కోటీ 26 లక్షల మాంటిల్ కార్డుకు 9.5 ఇచ్చింది ఆ ఎస్.జి.సి.యే. పోటీ తక్కెడలు ఒకే దుకాణంలోకి వచ్చాయి.

ఇది చదువుతున్నప్పుడల్లా మా నాన్న గుర్తొచ్చాడు. అడుగు ఆకు, నడిమి ఆకు, పై ఆకు వేరుచేసి, బ్యారన్లో రాత్రింబగళ్లు మంట కాచి, పసుపు రంగు తేలేదాకా నిద్రమాని, ఆడకూలీలతో రంగునుబట్టి, మచ్చనుబట్టి గ్రేడు కట్టించేవాడు. అంత చేసి తీసుకెళితే ఒక కంపెనీ కొనుగోలు మనిషి కట్టలోంచి ఒక ఆకు లాగి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "ఇది ఆ గ్రేడు కాదు" అనేవాడు. అంతే. రెండు మాటల్లో ఏడాది కష్టం మెట్టు దిగేది. ఒక యేడాది అలా దించిన సరుకును నాన్న ఇంటికి తిరిగి తెచ్చాడు. పదిహేను రోజుల తర్వాత అదే మనిషికి, ఇంకా తక్కువకు అమ్మాడు. అప్పుల వాళ్లు ఆగరు గదా! 1976లో పొగాకు బోర్డు వచ్చింది. 1985లో ఆంధ్రలో బహిరంగ వేలం మొదలైంది. ఆ మార్పు రైతుల ఆందోళన లేకుండా రాలేదు.

కార్డు సేకర్త నష్టాన్నీ పొగాకు రైతు నష్టాన్నీ నేను ఒకే గాట కట్టడం లేదు. ఒకటి సరదా, ఒకటి బతుకు. కానీ సూత్రం ఒకటే: గ్రేడు పెట్టే హక్కు ఎవరి చేతిలో వుందో ధర వాళ్ల చేతిలో వుంటుంది. ఆ హక్కు 'నిపుణత' అనే ముసుగు వేసుకున్నప్పుడు అడిగేవాళ్లు తగ్గిపోతారు.

ఇంతకీ కార్డు మీద బొమ్మ ఎవరిదో వాళ్లకేం దక్కింది? టాప్స్ కంపెనీ ఆటగాళ్లకు సంతకం చేసినందుకు 5 డాలర్లు, ఆడిన ప్రతి సీజనుకూ 125 డాలర్లు ఇచ్చేది. ఎన్ని కార్డులు అమ్ముడైనా అంతే. ఉక్కు కార్మికుల సంఘంలో ఆర్థికవేత్తగా పనిచేసిన మార్విన్ మిల్లర్ 1966లో ఆటగాళ్ల సంఘానికి నాయకుడయ్యాడు. ఆయన మాట మీద 1968లో ఆటగాళ్లు కంపెనీతో కొత్త ఒప్పందాల మీద సంతకం చెయ్యడం మానేశారు, కొత్త ఫోటోలకు నిలబడడమూ మానేశారు. కంపెనీ దిగొచ్చింది. మొత్తం రెట్టింపయింది. అంతకంటే ముఖ్యం, అమ్మకాల్లో శాతం లెక్కన వాటా వచ్చింది. ఆ రోజుల్లో తమ బొమ్మకు తాము గ్రేడు పెట్టుకున్నవాళ్లు వాళ్లు. ఏ పట్టికలోనూ ఆ సంగతి కనబడదు.

ఇంకా కనబడనివాళ్లున్నారు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ మైదానంలో దిగేదాకా మేజర్ లీగుల్లో నల్లజాతి ఆటగాళ్లకు దశాబ్దాల తరబడి చోటు లేదు. వాళ్లు తమ సొంత నీగ్రో లీగుల్లో ఆడుకున్నారు. సిగరెట్ కంపెనీల కార్డుల్లో వాళ్ల బొమ్మలు లేవు. జాష్ గిబ్సన్ లాంటి మహా ఆటగాడి పరుగుల లెక్క మేజర్ లీగుల రికార్డుల్లోకి ఎక్కింది 2024లో. అప్పటికి ఆయన చనిపోయి 77 ఏళ్లు. అచ్చే కాని కార్డుకు గ్రేడు ఎవరిస్తారు?

ధరల పిచ్చి ముదిరాక ఏం జరిగిందో కూడా చెప్పాలి. పాత కార్డులకు డబ్బులొస్తున్నాయని తెలిసి 1980ల చివర్లో జనం కొత్త కార్డులు కొని దాచడం మొదలుపెట్టారు. కంపెనీలు లెక్కలేనన్ని అచ్చేశాయి. అందరూ దాచిందే కనక ఏదీ అరుదు కాలేదు. ఆ కాలపు కార్డుల్ని ఇవాళ సేకర్తలే చెత్త అంటారు. మళ్లీ కరోనా కాలంలో అదే ఊపు. 2021 మార్చిలో కుప్పలుగా వచ్చిపడిన కార్డులకు గ్రేడు ఇవ్వలేక పి.ఎస్.ఎ. చాలా సేవల్ని కొన్నాళ్లు ఆపేసింది. కార్డులు దాచుకున్నది పిల్లలు కాదు, మదుపు పెట్టేవాళ్లు.

వీటన్నిటికీ ఎదురుగా నిలబెట్టదగ్గ మనిషి ఒకాయన వున్నాడు. జెఫర్సన్ బర్డిక్. సిరక్యూస్ వూళ్లో విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీలో విడిభాగాలు బిగించే కార్మికుడు. కీళ్లజబ్బుతో వేళ్లు వంకర్లు పోయిన మనిషి. కార్డుల తొలి కేటలాగు 1939లో తెచ్చింది ఆయనే. టి-206 అనే గుర్తు ఆయన కేటలాగు పెట్టిందే. జీవితమంతా కూడబెట్టిన 3 లక్షల పైచిలుకు అచ్చు చీటీల్ని, కార్డుల్ని ఆయన న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. అందులో బేస్‌బాల్ కార్డులే 30 వేల దాకా. ఒక వాగ్నర్ కూడా వుంది. ఆ వంకర వేళ్లతోనే ఏళ్ల తరబడి మ్యూజియంలో కూచుని ఒక్కొక్కటీ ఆల్బముల్లో అతికించాడు. 1963లో పని ముగించాడు. ఆ సంవత్సరమే కన్నుమూశాడు.

అతికించాడు! జిగురు అంటిన కార్డు గ్రేడరు కంటికి చెడిపోయిన కార్డే. బర్డిక్‌కు ఆ లెక్క లేదు. మామూలు జనం చేతుల్లో తిరిగిన అచ్చుబొమ్మల్లో ఒక దేశపు చరిత్ర వుందని, అది అందరూ చూసేచోట వుండాలని ఆయన అనుకున్నాడు. ఆ మ్యూజియంలో అద్దం వెనక వాటిలో కొన్నిటిని నేను చూశాను. ఒక్కదాని మీదా అంకె లేదు. ఏ ఏడు, ఏ కంపెనీ, ఎవరి బొమ్మ అన్నదే రాసి వుంది.

మా చిన్నప్పుడు ఖాళీ సిగరెట్ పెట్టెల అట్టలు చింపి, గీత గీసి, రాయి విసిరి గెలుచుకునేవాళ్లం. ఎక్కడపడితే అక్కడ దొరికే చార్మినార్‌కు తక్కువ, ఎప్పుడోగాని దొరకని పట్నం సిగరెట్ అట్టకు ఎక్కువ. ఆ విలువ మేమే కూచుని తేల్చుకునేవాళ్లం. తగవొస్తే మేమే మార్చుకునేవాళ్లం. సాయంత్రానికి ఓడినవాడు ఏడ్చినా మర్నాడు మళ్లీ ఆటకొచ్చేవాడు.

మనవడికి ఈ కథలన్నీ చెప్పాను. వాడు సేకరించడం మానాలని నేను చెప్పలేదు. అక్కడి అనుభవజ్ఞులైన సేకర్తలు చెప్పే మాటే చెప్పాను: కార్డును చూసి కొను, పెట్టెను చూసి కాదు. వాడు చాలాసేపు ఆ ఆటగాడి బొమ్మ చూశాడు. తర్వాత పెట్టె తిప్పి, వెనకవైపు సన్నక్షరాల్లో వున్న ఆయన కథ నాకు చదివి వినిపించాడు. కార్డు కొని ఏడాదయినా, అది చదవడం అదే మొదటిసారట.